బిళ్ళ మీద కప్పిన పొడి

వనపర్తి,
సోమవారం.

తమ్ముడు నిరంజన్‌కు,

నువ్వు దొంగవు. ముందు ఆ మాట చదువు, తర్వాత మిగతాది.

తగలబడే ద్రవం లేని బ్యాటరీ కావాలంటే, ఆ ద్రవం బదులు పెట్టే గట్టి బిళ్ళలోంచి లిథియం అయాన్లు సులువుగా పరుగెత్తాలి. దానికోసం మన కాలేజీ ల్యాబులో ఆరేళ్ళు తంటాలు పడ్డాం. నువ్వు ప్రొఫెసరువి, నేను నువ్వు నోటిమాటకు అక్కా అని పిలిచే ల్యాబ్ అసిస్టెంటును. ఫర్నేసులో కాల్చిన ప్రతిసారీ బిళ్ళలోని లిథియం ఆవిరైపోయేది.

దారి చూపింది మా అమ్మ సారమ్మ. మల్దకల్ నుంచి వలసపోయి ఇరవై ఏళ్ళు ఇటుకలు కాల్చి, మళ్ళీ ఊరు చేరిన మనిషి. "సందుల్ల అదే మన్ను పొడి కప్పాలె బిడ్డా, పరాయి మన్నైతే ఇటుక ఖరాబైతది" అన్నది. విరిగిన బిళ్ళలు నూరి, ఆ పొడిలోనే కొత్త బిళ్ళను పాతిపెట్టి కాల్చాను. అయాన్ల ప్రవాహం పదింతలైంది. "బట్టీ బుద్ధి పోనియ్యవా అక్కా" అని నవ్వావు. ఆర్నెల్లకు అదే పద్ధతి నీ పేరుతో పరిశోధన పత్రికలో వ్యాసంగా అచ్చయింది. నా పేరు చివరి కృతజ్ఞతల్లో కూడా లేదు. నువ్వు చేస్తే పరిశోధన, కూలి మనిషి చేస్తే అలవాటు. ఈ న్యాయం ఎవరు రాశారు? నీలాంటివాళ్ళే, మా చేతులు చూసి రాసుకున్నారు.

దొంగతనమైనా నీకు సరిగా చేతకాలేదు. నేను సెలవులో ఉంటే, నా పాత పొడి మురికిగా కనిపించి, ఏ పొడైనా ఒకటే అనుకుని డబ్బాలోని తెల్లటి అల్యూమినా పొడి కప్పావు. పరాయి మన్ను కదా, అది బిళ్ళలోని లిథియంను పీల్చేసింది. నిన్న ఫోను చేశావు: "అక్కా, జర రా. బుధవారం బ్యాటరీ కంపెనీవాళ్ళు చూడనీకి వస్తున్నరు, తెల్ల పొడి కప్పితే ఒక్క బిళ్ళ గూడ పనిచేస్తలేదు."

"నాకేం తెల్వదు సార్" అని పెట్టేశాను. నిన్న అన్నం చాలా రుచిగా ఉంది.

ఏ పొడి కప్పాలో ఇప్పుడు తెలిసింది కదా. ఎంత మందం కప్పాలో, ఎన్ని గంటలు కాల్చాలో రాసిన నోటుపుస్తకం, తేదీలతో సహా, నా దగ్గరుంది. జాలిపడతానని ఎదురుచూడకు. నాకు కావలసినవి ఇవి:

1. ఆ వ్యాసంలో మొదటి పేరు నాదని రేపే పత్రికకు రాయాలి.
2. పద్ధతి సారమ్మ చెప్పిందని అందులో ఉండాలి.
3. నువ్వే మల్దకల్ వెళ్ళి అమ్మను పిలుచుకురావాలి.
4. బుధవారం ఫర్నేసు తలుపు నేను తెరుస్తాను. నువ్వు పక్కన నిలబడాలి, మాట్లాడకూడదు.
5. జవాబు ఈ ఉత్తరం తెచ్చిన మనిషి చేతికే, కాగితం మీద, సంతకంతో కావాలి.

రెబెకా