నీ డెన్మార్క్ డాక్టరూ, నా జేబులో స్క్రూ

గున్‌వోర్,

ముందు క్షేమాలు. నేను బాగున్నాను, మీ అమ్మ బాగుంది, పిల్లి మా ఇద్దరికన్నా బాగుంది. ధ్రువం పక్కన ఆ గని క్యాంటీన్‌లో మగాళ్లందరికీ వండిపెడుతూ నువ్వూ బాగానే ఉన్నావని నీ ఉత్తరం చెప్పింది. ఇంకా చాలా చెప్పిందిలే, దాని సంగతికి వస్తాను.

మీ అమ్మ కాలు ఎట్లా ఉందని అడిగావు. కట్టు విప్పేశారు. కర్ర పట్టుకుని వంటింటిదాకా వస్తోంది, నేను ఉడికించిన చేప రుచి చూస్తోంది, గిన్నె మీద మూత పెట్టేసి వెనక్కి వెళ్లిపోతోంది. పైకప్పు కారుతోందా అన్నావు. వాన పడితే చెబుతాను.

ఇక మూడోది. "రేడియో ఇంట్లో కంప్యూటర్ బాగైందా? పాపం థోర్కిల్ ఎంత కష్టపడుతున్నాడో. థోర్కిల్ వేళకి తింటున్నాడా? థోర్కిల్‌ని అడిగానని చెప్పు." ఏమే, ఆ పశువుల డాక్టరు డెన్మార్క్ నుంచి మన దీవికి వచ్చి ఏడాది కాలేదు. నీతో ఇన్నేళ్లు కాపురం చేశాను, జ్వరంతో మూలుగుతున్నా నన్ను 'పాపం' అన్న పాపాన పోలేదు నువ్వు.

బాగైంది. ఎట్లా బాగైందో వరసగా చెబుతాను, విను.

ఈస్టర్ ముందు ఊరంతా చేరి రేడియో ఇల్లు శుభ్రం చేశాం కదా. గోడలు కడిగారు, కిటికీలు తుడిచారు. అక్కడితో ఆగరుగా మనవాళ్లు! కంప్యూటర్ మూత తీసి లోపల దుమ్ము కూడా దులపాలన్నారు. నీ థోర్కిల్ ముందుకొచ్చి సౌండ్ కార్డు ఊడదీసి, మెత్తని గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి స్క్రూ బిగించాడు. అంతే, రేడియో మూగబోయింది. మన మైకులో మాట ఆ కార్డులోంచే కదా గాల్లోకి పోవాలి. కార్డు చూస్తే ఎదురుగా ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం అట్లాంటిదేమీ ఇక్కడ లేదంటుంది. పరికరాల పట్టికలో దాని పేరే లేదు.

ఆ బుధవారం రేడియోలో బింగో ఆట లేదు, నేను అంకెలు చదవలేదు. మీ అమ్మ బింగో పుస్తకం ముందేసుకుని, అంకెలు కొట్టెయ్యడానికి పెన్సిల్ చెక్కుకుని, ఉత్త గరగర వింటూ కూర్చుంది. "పోయిన వారం ఒక్క అంకెలో తప్పిందిరా అబ్బాయ్, ఈ వారం నాదే," అంది. మంచంలో ఉన్న మనిషికి వారమంతా అదొక్కటే కదా. నా సంగతీ అంతే, అంకెలు చదివే నా గొంతు ఊరికి వినపడకపోతే నేను ఉన్నట్టా లేనట్టా? పడవ మీద తాళ్లు కట్టేవాణ్ణి ఇంకెవరు పట్టించుకుంటారు?

మర్నాటి నుంచి మూడు వారాలు థోర్కిల్ అక్కడే కాపురం పెట్టాడు, మీ అమ్మ నీకు రాసే ఉంటుంది. కార్డుని నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం ఫ్లాపీల్లోంచి మళ్లీ ఎక్కించాడు. కార్డు అంచులకున్న బంగారు రంగు గీతల్ని పిల్లల రబ్బరుతో రుద్దాడు. ఒక సందులోంచి ఇంకో సందులోకి మార్చాడు. గొడవ దానిదేమోనని మోడెం కార్డు తీసేశాడు. ప్రతిసారీ స్క్రూ ఇంకాస్త గట్టిగా బిగించాడు. ఈనలేని ఆవుతో మాట్లాడినట్టు "మెల్లగా తల్లీ, మెల్లగా" అని కంప్యూటర్‌ని బుజ్జగించడం ఒకటి. ఊళ్లో ఆడాళ్లంతా వరసగా వాఫుల్ అట్లు పోసి తెచ్చి చుట్టూ కూర్చున్నారు.

"ఏం ఓపికే! చేతులు చూడు, ఎంత నెమ్మదో," అంది ఆస్లౌగ్. అదే, రేడియో కమిటీ పెద్ద.

"ఆవు కడుపులో పెట్టే చేతులు పిన్నీ, అదే చేత్తో వాఫుల్ తింటున్నాడు," అన్నాను.

"ఒరేయ్ ఓడ్వార్, నీకు పనిచేసేది నోరొక్కటే. అతన్ని పని చేసుకోనీ."

ఇంటికొచ్చి మీ అమ్మకి చెప్పుకుంటే ఆవిడా ఆ మాటే అంది. మర్నాడు థోర్కిల్ కాఫీలో చక్కెర బదులు ఉప్పు వేశాను. తాగేసి, "బాగుందన్నా, మా ఊరి కాఫీకన్నా ఘాటు," అని నవ్వాడు. ఇట్లాంటివాణ్ణి మనసారా తిట్టుకోవడం కూడా కుదరదు, అదీ నా బాధ.

ఇక్కడిదాకా ఊరందరికీ తెలిసిందే. ఇకపైన రాసేది నీ ఒక్కదానికే. చదివి పొయ్యిలో పడెయ్.

మంగళవారం సాయంత్రం నీ ఉత్తరం వచ్చింది. పడవ దిగి, రేవులోనే నిలబడి చదివాను. చదివినవాణ్ణి తిన్నగా రేడియో ఇంటికి పోయాను. థోర్కిల్ కాఫీకి కిందికి దిగాడు. కంప్యూటర్ మూత తెరిచే ఉంది, కరెంటు తీసేసి ఉంది. నా బుద్ధి చూడు: ఆ కార్డుని వంకరగా పెట్టిపోదామనుకున్నాను. బుధవారం కూడా రేడియో మూగబోవాలి, 'థోర్కిల్ వల్ల కాలేదట' అని నీకు ఉత్తరం రాయాలి. నా గొంతు పోయినా సరే, వాడి పేరు పోవాలి. మీ అమ్మ పెన్సిల్ గుర్తుకు రాకపోలేదు. వచ్చినా ఆగలేదు, అదే సిగ్గుగా ఉంది.

స్క్రూ విప్పాను. అబ్బ, ఏం బిగించాడు! ఊడీ ఊడగానే కార్డు రెండో కొన 'టక్'మని సందులోకి దిగి కూర్చుంది. అప్పుడు వెలిగింది నాకు. ఈ చివర బిగించేకొద్దీ ఆ చివర లేస్తోంది. వాడు ఎంత గట్టిగా పట్టి ఉంచుదామనుకున్నాడో అది అంత పైకి వచ్చేసింది.

సరే, మళ్లీ లాగేద్దామని వేలు పెట్టాను. మెట్ల మీద అడుగులు. స్క్రూ జేబులో వేసుకుని, మూత మూసి, కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్నట్టు నిలబడ్డాను.

"ఇదే ఆఖరుసారి ఓడ్వార్ అన్నా," అన్నాడు. "ఇప్పుడూ పలకకపోతే రేపు బింగో లేదని ఆస్లౌగ్ పిన్నికి చెప్పేస్తాను. పాపం, మీ అత్తగారు ఎదురుచూస్తుంటారు." మీ అమ్మ సంగతి వాడికి ఎందుకే?

స్విచ్ వేశాడు. తెర మీద 'కొత్త పరికరం దొరికింది' అని వచ్చింది. వాడు నన్ను పట్టుకుని ముద్దు పెట్టేశాడు. ఆస్లౌగ్ మెట్లెక్కి వచ్చి చూసి ఏడ్చింది. థోర్కిల్ చేతుల మహిమ అని ఊరంతా పొగిడింది. నేను నోరు విప్పాలంటే అక్కడికి ఎందుకు వెళ్లానో చెప్పాలి కదా! ఆ పొగడ్తలన్నీ వాఫుల్‌తో పాటు మింగాను.

బుధవారం అంకెలు నేనే చదివాను. మీ అమ్మే గెలిచింది. ఫోన్‌లో "బింగో!" అని అరిచిన అరుపుకి పిల్లి మంచం కిందకి దూరిందట. థోర్కిల్ రేడియో ఇంట్లో నా పక్కనే ఉండి చప్పట్లు కొట్టాడు, నాకు.

కార్డు స్క్రూ లేకుండానే నిలబడింది. ఆ స్క్రూ ఈ కాగితం అడుగున అంటించాను. వచ్చేటప్పుడు తీసుకురా, ఎంతవరకు బిగించాలో నువ్వు చెప్పు, అంతే తిప్పుతాను. నువ్వు ఎవరికి ఏం వండిపెడుతున్నావో ఇక అడగను. నువ్వు అడిగావన్న మాట థోర్కిల్‌కి కూడా చెబుతాను.

రేపు చెబుతాను. ఇవాళ కాదు.

ఇట్లు,
కాఫీ డబ్బాల మీద చక్కెర ఏదో ఉప్పు ఏదో రాసిపెట్టిన,
నీ మొగుడు ఓడ్వార్