గట్టు మీద నా కేక

తమ్ముడూ, నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మరదలి దగ్గు తగ్గిందా? పాపకి పళ్ళు వస్తున్నాయా? నేను బాగానే ఉన్నాను, మనసే బాగాలేదు. నిన్న మనవరాలు చెరువులో పడవ పోటీకి దిగింది. అందరికంటే ముందుంది కూడా. తెడ్డు లాగుతూ వెనక్కి వాలేసరికి దానికి కళ్ళు తిరిగాయనుకుని, "పిల్ల పడిపోతోంది, పట్టుకోండి" అని గట్టు మీంచి అరిచాను. కాపలా పడవవాళ్ళు దానికి అడ్డం వెళ్ళారు. గెలవాల్సిన పోటీ కాస్తా పోయింది. "పోనీలే అమ్మమ్మా, భయపడ్డావు" అంది గానీ, రాత్రి అన్నం ముద్ద మింగలేదు. తిట్టినా బాగుండేది. అక్కడ మన ఇంట్లో నా గదిలో ఉన్న ఉల్లిపాయలు కుళ్ళకముందే వాడేయండి. అందరికీ నా దీవెనలు. వచ్చే నెల పద్నాలుగున మళ్ళీ పోటీ ఉందట, పిల్ల నన్నూ రమ్మంటోంది. నా నోటి మీద నాకే నమ్మకం లేదు. నువ్వు పక్కన కూర్చుని నొక్కిపట్టాలి. పదమూడో తేదీ సాయంత్రానికల్లా వచ్చెయ్యి.