అంబలి కాచినవాడిపై అభ్యంతరం

పాత పోస్టాఫీసు వీధి, విశాఖపట్నం
6-8-1984

స్థానిక చరిత్ర మండలి కార్యదర్శి భీమశంకరరావు గారికి,

గవర్రాజు నమస్కరించి రాయునది. నమస్కారం మర్యాదకే, మీ పనిని ఒప్పుకున్నందుకు కాదు.

మీ 'మన ఊరి మాన్యులు' సభ జాబితా లైబ్రరీ గోడ మీద చదివాను. ఇద్దరు జమీందార్లు, ఒక ప్లీడరు, ఒక సినిమా హాలు యజమాని. ఓడల్లోకి ఖనిజం వీళ్ళే మోశారా అని అడగబోతుంటే పదో పేరు కనబడింది: తాతబాబు, పోర్టు కళాసీ.

కార్మికుణ్ణి గౌరవించండి, కాదనను. కానీ వేలమందిలో తాతబాబేనా? అతను నాకు బావ, మా చెల్లెలు జోగమ్మ భర్త. కనుక నిష్పక్షపాతంగానే చెబుతున్నాను. డెబ్బై మూడు సమ్మెలో పద్దెనిమిది రోజులు గేటు దగ్గర ఉపన్యాసాలిచ్చింది నేను. అతను వెనకాల కూర్చుని చోడంబలి, అదే రాగి అంబలి, కాచాడు. పొయ్యి ఊదితే చరిత్ర అయిపోతుందా? అభ్యంతరాలు పదిహేను రోజుల్లో పంపమన్నారు, పంపుతున్నాను.

శ్రామికుల పక్షాన,
గవర్రాజు

తా.క. అసలు కార్మికుడు ఎలా ఉంటాడో మీకు తెలియాలని నా ఫోటో జతపరిచాను. వేరే ఉద్దేశం లేదు. వెనకాల పుట్టిన తేదీ ఉంది.

* * *

విశాఖపట్నం
13-8-1984

గవర్రాజు గారికి నమస్కారాలు.

మీ లేఖ మాకు ఎంతో ఉపకరించింది. తాతబాబు గారిని మాన్యుడిగా సూచిస్తూ మాకు వచ్చిన దరఖాస్తులో ఉన్నది ఒక్క వాక్యమే: 'మా బావ పద్దెనిమిది రోజులు గేటుకాడ నిలబడ్డాడు, గొంతు పోయింది.' గొంతు ఎందుకు పోయిందో మాకు బోధపడలేదు. అది పొయ్యి పొగవల్లనేనని మీ లేఖతో తేలింది. ఆయన్ని 'మా బావ' అంటూ దరఖాస్తు పెట్టినవారు మీరే అయివుంటారు. పొగడ్తను కూడా పోట్లాటలాగా రాయడం మీ శైలి కాబోలు. ఎంతమందికి అంబలి పోశారో, చోళ్ళు ఎక్కడివో తెలియజేయగలరు.

భవదీయుడు,
భీమశంకరరావు

తా.క. ఫోటో అందింది. తాతబాబు గారి ఫైలులో పెట్టాం.

* * *

విశాఖపట్నం
17-8-1984

కార్యదర్శి గారికి,

ఈసారి నమస్కారం కూడా లేదు.

నేను ఏ దరఖాస్తూ పెట్టలేదు. గొంతు పోయింది నాకు. పొగకి కాదు, ఉపన్యాసాలకి. పదకొండేళ్ళ తర్వాత నా గొంతును కూడా తన పేరున రాయించుకున్నాడన్నమాట! భూమి లాక్కున్నవాళ్ళను చూశాను, కూలి మిగుల్చుకున్నవాళ్ళను చూశాను, పక్కవాడి గొంతు కాజేసినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

ఎంతమందికి పోశాడని అడిగారు. మూడు వందల మందికి, రెండు పూటలా. అదేం గొప్ప? చోళ్ళు పెందుర్తి నుంచి పరవాడ దాకా ఊరూరా అడిగి, కావిడితో మోసుకొచ్చాడు. నడక తప్ప అందులో సిద్ధాంతమేముంది? వాన కురిసిన రోజు పొయ్యి ఆరకుండా రాత్రంతా టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డాడు. నేను పెట్టుబడి గురించి మంచి పట్టుమీద ఉండగా వెనకనుంచి, "బావా, తొరగా ముగించీ. అంబలి సల్లారిపోతంది" అన్నాడు. గేటంతా నవ్వింది. ఆ నవ్వును నేటికీ క్షమించలేదు.

గవర్రాజు

తా.క. ఫోటో నాది. వెనక్కి పంపండి.

* * *

విశాఖపట్నం
24-8-1984

గవర్రాజు గారికి,

మీ లేఖను కమిటీలో చదివి వినిపించాను. టార్పాలిన్ దగ్గర ప్లీడరు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. తాతబాబు గారిని పదో స్థానం నుంచి మొదటి స్థానానికి మార్చాం. మీ లేఖలోని ఆ భాగం మా సంచికలో ఆయన జీవిత చరిత్రగా వస్తుంది. తిట్లు మాత్రం స్థలాభావంవల్ల తీసేశాం.

భవదీయుడు,
భీమశంకరరావు

తా.క. మీ వినతి అందేలోపే ఫోటో వాల్‌పోస్టర్లకు వెళ్ళిపోయింది. ముఖంలో కార్మిక తేజస్సు ఉందని అందరూ అన్నారు.

* * *

విశాఖపట్నం
30-8-1984

కార్యదర్శీ,

ఊరంతా నా ముఖం, కింద అతని పేరు. దోపిడీ గురించి పాతికేళ్ళు మాట్లాడాను గానీ ఇంత సంపూర్ణమైన దోపిడీని ఊహించలేదు.

నిన్న గాజువాక బస్సులో ఒక ముసలామె లేచి నా చేతులు పట్టుకుంది. "తాతబాబు బాబూ, నువ్వు పోసిన అంబలి తాగే మా పిల్లలు బతికినారు. కూకో నాయనా," అంది. నా ఉపన్యాసాలు గుర్తున్నాయా అని అడిగాను. "ఎవుడో అరిసీవోడు, అంబలి ఆలీసమైపోయీది," అంది.

పోస్టర్లు పీకించండి. లేదా నేనే పీకుతాను.

గవర్రాజు

తా.క. నేను తాతబాబును కానని ఆమెతో చెప్పలేదు. ఇచ్చిన సీట్లో కూర్చున్నాను కూడా. ఇది సంచికలో వేయకండి.

* * *

విశాఖపట్నం
5-9-1984

గవర్రాజు గారికి నమస్కారాలు.

దరఖాస్తు మీది కాదన్నారు కదా, అసలు సంగతి తేల్చుకుందామని తాతబాబు గారిని పిలిపించాం. ఆయన మాటలు యథాతథంగా:

"కాయితం నానే రాయించినానండి, మా బావ గవర్రాజు కోసం. పేరెట్టి అనకూడదు కదండీ, 'మా బావ' అన్నాను. పోర్టు హాజరు మస్టర్లో పేరు పక్కన ఏలిముద్దరెయ్యడం అలవాటు, ఇక్కడా మాన్యుడి గడి పక్కనే నా పేరు రాయించి ముద్దర ఏసీసినాను. నాకేటండి సన్మానం? నాను అంబలి కాసినోణ్ణి."

ముద్ర ఎవరిదైతే వారే మాన్యుడనుకున్నాడు మా గుమాస్తా. అంటే ఆ పదో స్థానం నిజానికి మీది. అభ్యంతరం రాయకుండా ఊరుకుని ఉంటే, విషయం సభలోనే తేలి శాలువా మీకే పడేది.

ఇప్పుడు మార్చడానికి కమిటీ ఒప్పుకోలేదు. తాతబాబు గారు చేసిందంతా మీ దస్తూరీతోనే సాక్ష్యంగా ఉంది. తమరు గేటు దగ్గర ఏం చెప్పారో మాత్రం తమ మూడు లేఖల్లోనూ ఒక్క వాక్యం లేదు.

శాలువా మీరు కప్పితేనే వేదిక ఎక్కుతానని ఆయన షరతు. పదహారో తేదీ సాయంత్రం తప్పక రాగలరు.

భవదీయుడు,
భీమశంకరరావు

తా.క. పోస్టర్లు మార్పిస్తామంటే తాతబాబు గారు వద్దన్నారు. "ఉండనీండి, మా బావ బొమ్మ బాగొచ్చింది. కావాలంటే కింద నా పేరు కొట్టీండి."