దించని తెరచాప

మంగళవారం. కొచ్చి విడిచి పన్నెండో రోజు. మారిషస్ ఇంకా చాలా దూరం.

పొద్దున్నుంచి గాలి మాతో ఆడుకుంది. ఒక పక్క నుంచి నాలుగు నిమిషాలు వీచి, తెరచాప తిప్పేలోగా మాయమయ్యేది. పదకొండింటికి పూర్తిగా పడిపోయింది. పెద్ద చాప దించమని చెప్పి కెప్టెన్ కిందికి వెళ్ళాడు.

తాడు విప్పబోతున్న పెరుమాళ్ళును ఆపింది నేనే. చెల్లెలి మొగుడని, మా మాప్ళా అని, ఈ పనిలో పెట్టించిందీ నేనే. తిరుమంగళం దగ్గర మా కళ్ళంలో జొన్నలు తూర్పారబట్టేటప్పుడు, గాలి ఆగినా అవ్వ చేట దించనిచ్చేది కాదు. దించితే గాలి అలుగుతుందట. అదే చెప్పాను, సగం వేళాకోళంగా. అతను నమ్మాడు.

గాలి లేకపోయినా అలలు ఆగవు కదా. పడవ ఊగిన కొద్దీ చాప అటూ ఇటూ కొట్టుకుని గంటలో నిలువునా చిరిగింది. ఎవరు దించలేదని కెప్టెన్ అరిచాడు. నేను పెరుమాళ్ళును చూపించాను. చిరిగింది కుట్టి, రేవు రాగానే దిగిపొమ్మన్నాడు అతన్ని. పెరుమాళ్ళు నా పేరెత్తలేదు. చెల్లెలికి ఏం చెప్పాలో...

సాయంత్రం దాకా కుట్టాడు. సూది దిగి అరచెయ్యంతా రక్తం. అప్పుడు వచ్చింది గాలి, వెనక నుంచి, పన్నెండు రోజులుగా మేము అడిగినట్టే. చాప అతని ఒళ్ళో ఉంది.

"చూస్తివా బావా, గాలి వచ్చిండాది! అవ్వ చెప్పింది నిజందాన్," అన్నాడు నవ్వుతూ.

"మాట్లాడక కుట్టు మాప్ళా," అన్నాను.