కిందపడ్డ లేజర్ లెవెల్

నాన్నా, నేను బాగున్నాను. ఫోన్ కలవక కార్డు రాస్తున్నాను. నేను పంపిన లేజర్ లెవెల్ పెట్టి వంటింట్లో టైల్స్ వేస్తుంటే వెంటనే ఆపు. దాన్ని నీకు తెచ్చిచ్చిన బావ నిన్న ఇక్కడికి తిరిగొచ్చి, "బస్సులో పైఅరలోంచి కింద పడిందిలే" అని తాపీగా చెప్పాడు.

మొన్న మేం టైల్స్ పనికి వాడే లెవెల్ కూడా స్టాండు మీదనుంచి పడింది. గోడ మీద మట్టం చూపే ఎర్రగీత ఎప్పటిలాగే వెలిగింది. దాన్ని నమ్మి స్నానాలగది నేలంతా వేశాం. నీళ్లు పోస్తే తూము వైపు వెళ్లకుండా గుమ్మం దాటి పడగ్గదిలోకి వచ్చాయి. "వెలిగితే సరా తల్లీ, ఒకసారి సరిచూసుకోవద్దూ!" అని మా మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. ఇప్పుడు అంతా పీకుతున్నాం.

లోపల లోలకంలాంటిది వేలాడుతూ గీతను మట్టంగా ఉంచుతుంది. దెబ్బ తగిలితే అదే మట్టం తప్పుతుంది. ఎదురుగోడ మీద గీత ఎడమకొస పడినచోట గుర్తుపెట్టి, లెవెల్‌ను ఉన్నచోటే తిప్పి కుడికొసను అక్కడికి తీసుకురా. ఎత్తులో తేడా వస్తే దాన్ని పక్కన పడేసి, నీ నీళ్లగొట్టంతోనే మట్టం చూసుకో. ఇంట్లో చంటివాణ్ని ఆ వెలుగులోకి చూడనివ్వకు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? నేల తప్పుగా వాలి నీళ్లు నిలిస్తే ఆ తడిలో రోజూ తిరిగేది తనే, నాన్నా. ఆపేశానని ఒక్క ముక్క రాయి, నా ప్రాణం కుదుటపడుతుంది. అందరూ జాగ్రత్త.

నీ చిన్నకూతురు