కాకి పడని ఫోటో

గుడియాత్తం, అమావాస్య రాత్రి

చిన్నోడా, నువ్వు చనిపోయాక బీరువాలో పెట్టేసిన నువ్వు వేలూరులో కొన్న కెమెరాను ఈ నెలే మళ్ళీ బయటికి తీశాను. మనం తిరిగిన చెరువుకే పోయి, నువ్వు నేర్పినట్టు ఊపిరి బిగబట్టి కొంగల్ని, లకుముకి పిట్టల్ని తీస్తున్నాను.

ఈరోజు నీ పేరు చెప్పి మిద్దె గోడ మీద అన్నం పెట్టాము. కాకి తింటే నువ్వు తిన్నట్టే కదా. కాకి వచ్చి వాలింది గానీ ముట్టలేదు. మెడ వంచి నన్నే చూసింది. చెయ్యి ఊరుకోక కెమెరా ఎత్తాను.

"ఏమే, అదేమన్నా పెండ్లికొడుకా ఫోటో తీసేదానికి? తిననీ!" అని మీ నాయన కసురుకున్నారు.

నేను తీసినంతసేపూ కాకి బెదరలేదు. తరువాత మెతుకు ముట్టకుండా ఎగిరిపోయింది.

చూస్తే ఒక్క ఫోటోలోనూ కాకి లేదు. గోడ ఉంది, అరిటాకు ఉంది, అన్నం మీద ఆవిరి కూడా ఉంది.

"కాకి యాడమ్మే? నేనూ చూసినాను గదా," అన్నారు మీ నాయన.

వచ్చింది నువ్వేనేమో, నా ఫోటో పిచ్చితో నిన్ను పస్తు పంపేశానేమో అనిపిస్తోంది. రేపు పొద్దున కెమెరా లేకుండా వచ్చి అన్నం పెడతాను. కడుపు నిండా తిను నాయనా.