అన్నానికి రండి

సుభద్రా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈరోజు కడియంలో ఒక నర్సరీవాళ్ల కుక్కపిల్లకి శిక్షణ మొదలుపెట్టాను. పోలీసు జాగిలాల దగ్గర ఉద్యోగమంతా నమ్ముకున్న పాఠమే వాళ్లకీ చెప్పాను: ఒక పనికి ఒకే మాట, ఇంట్లో అందరూ అదే మాట అనాలి. నేను "సిట్" అని చూపిస్తుంటే, ఆ ఇంటావిడ దాని వీపు నిమిరి, "కూర్చోండి బాబూ" అంది. దిద్దబోయి ఆగిపోయాను.

మన టైగర్‌తో నువ్వూ అంతే కదా. "కుక్కకి అండీ ఏంటి, పాడైపోతాడు" అని నేను కసిరితే, "మీకూ అంటున్నాను కదండీ, మీరేమన్నా పాడైపోయారా?" అనేదానివి. వంటింట్లోంచి నువ్వు "అన్నానికి రండి" అని కేకేస్తే మేమిద్దరం ఒకేసారి లేచేవాళ్లం. పిలిచింది ఎవరినో నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు నేను "కమ్" అంటే వస్తాడు, "ఈట్" అంటే తింటాడు. నేర్పినట్టే చేస్తాడు, అంతే.

ఆ నర్సరీ ఆవిడతో, "అందరూ మీ మాటే అనండమ్మా" అని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి, వాడి గిన్నెలో పెరుగన్నం కలిపి వరండాలో పెట్టి, మొదటిసారి నేనే పిలిచాను.

"అన్నానికి రండి."

పెరట్లోంచి పరుగున వచ్చాడు. గిన్నె వాసన కూడా చూడలేదు. నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యిగట్టు కింద, తలుపు వెనక వెతికాడు. తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

నువ్వు లేవని చెప్పే మాట ఒక్కటీ నేను వాడికి నేర్పలేదు.